తను ఇంకా దిగలేదు

మార్చి 6

వకీలమ్మ ఒక నోటుపుస్తకం పెట్టమంది. నొప్పి ఎంత ఉంది, ఏ మందు వేశాం, ఏ పని చేసుకోలేకపోయింది, అన్నీ రోజూ తేదీ వేసి రాయాలట, రేపు ఇన్సూరెన్సు వాళ్ళ ముందు పెట్టడానికి. మా ఆవిడ కుడిచెయ్యి మణికట్టు నుంచి వేళ్ళ దాకా కట్టులో ఉంది కాబట్టి రాసే పని నాది. రెండు పుస్తకాలు కొన్నాను. నీలం అట్టది తన నొప్పికి. ఇది నాకు.

నాకేం నొప్పి అని ఎవరూ అడగరు. అడగకపోవడమే మంచిది.

మార్చి 7

జరిగింది వరసగా రాసుకుంటే బుర్ర కుదుటపడుతుందేమో. ఆ సాయంత్రం బడి వదిలేసరికి వాన. మా ఆవిడ యాప్‌లో షేర్ క్యాబ్ పిలిచింది. వెనక సీట్లో ఇంకొకతను కూడా ఎక్కాడు. మా వీధి మలుపులో డ్రైవరు కారాపాడు. తను దిగబోతూ కుడిచెయ్యి తలుపు పిడి మీద వేసింది. వెనక నుంచి ఒక వ్యాను వచ్చి సరిగ్గా ఆ తలుపునే గుద్ది, ఆగకుండా పోయింది. నంబరు ఎవరూ చూడలేదు. చెయ్యి తలుపుకీ సీటుకీ మధ్య నలిగింది. పక్కనున్నతను తనని అవతలి తలుపులోంచి బయటికి లాగి, సొంత చొక్కా విప్పి చేతికి చుట్టి, అంబులెన్సు వచ్చేదాకా ఆ చెయ్యి పైకెత్తి పట్టుకుని వానలో కూర్చున్నాడట. నేను ఆసుపత్రికి పరిగెత్తేసరికి వరండాలో బనీనుతో ఉన్నాడు. నుదుటి మీద చిన్న గీత, అంతే.

థాంక్స్ చెప్పాను. పలకలేదు. ఇంకాస్త గట్టిగా చెప్పాను. అప్పుడు మా ఆవిడ స్ట్రెచర్ మీద నుంచే ఎడమచేత్తో అతనికేదో చూపించింది. అతను నా వైపు తిరిగి నవ్వి తల ఊపాడు.

పుట్టుకతోనే వినికిడి లేదట. వడ్రంగి. మా ఆవిడ పాఠాలు చెప్పేది వినికిడి లేని పిల్లల బళ్ళో. ఆ రోజు అతను ఆ బడి బెంచీలకి కొలతలు తీసుకోవడానికి వచ్చాడట. ఇద్దరూ గేటు దగ్గర వేరువేరుగా క్యాబ్ పిలిస్తే, ఆ యాప్ ఇద్దరినీ ఒకే సీట్లో కూర్చోబెట్టింది. పెళ్ళిళ్ళ పేరయ్యకి కూడా అంత చురుకు ఉండదు.

మార్చి 9

నాది అసూయ కాదు. ముందే రాసి పెట్టుకుంటున్నాను.

తన ఫోను ఆ కార్లోనే ముక్కలైంది. అందుకని అతను నా ఫోనుకే వీడియో కాల్ చేస్తాడు. తనకి మిగిలింది ఒక్క చెయ్యి. ఆ చెయ్యి మాట్లాడాలి. మరి ఫోను ఎవరు పట్టుకోవాలి? నేను. జబ్బలు లాగేదాకా పట్టుకుని నిలబడతాను. నాకు కనిపించేది ఫోను వెనకభాగం, దానికవతల మా ఆవిడ మొహం. ఆ మొహం ఇవాళ నవ్వింది. ప్రమాదం తర్వాత నవ్వడం ఇదే మొదలు.

ఏమన్నాడని అడిగాను. ఉలి జారి వేలు కోసుకున్నాడట. అందులో నవ్వడానికేముందని అడిగాను. చెప్పిన తీరుకి నవ్వొచ్చిందంది.

పదకొండేళ్ళ కాపురంలో నాకొచ్చిన సైగలు మూడు: నీళ్ళు, నిద్ర, రా. వాటితోనే కాపురం నడిచింది. నడవలేదా?

మార్చి 10

బస్‌స్టేషన్‌లో మైకు ముందు కూర్చుంటే ఊరు ఊరంతా నా గొంతు విని బస్సెక్కుతుంది. నా అసలు పేరు మర్చిపోయి 'మైకు' అనే పిలుస్తారు. గొంతు బాగుందని పిల్లనిచ్చారు నాకు, అబద్ధం కాదు. అలాంటిది, నా గొంతు ఉన్నా లేకపోయినా ఒకటే అయిన మనిషి ఒకడు మా ఇంట్లోకి వచ్చాడు. అతని ముందు నేనెంత మాట్లాడినా ఏం లాభం?

మార్చి 12

వడ్రంగి ఇంటికే వచ్చాడు. చేతిలో గుడ్డలో చుట్టిన చెక్క పలక. పలకకి రెండు స్టీలు మేకులు పైకి పొడుచుకుని ఉన్నాయి. ఒక మూల చిన్న గోడలాగా అంచు కట్టాడు. టమాటా ఆ మేకులకి గుచ్చితే కదలదు, ఒక్క చేత్తో తరుక్కోవచ్చు. రొట్టె ఆ అంచుకి ఆనిస్తే జరగదు, ఒక్క చేత్తో వెన్న రాసుకోవచ్చు. అంచులన్నీ చెంప మీద రాసుకున్నా గీసుకోనంత నున్నగా ఉన్నాయి. నేను రాసుకుని చూశాను, ఎవరూ లేనప్పుడు.

సాయానికి వచ్చి ఉంటున్న మా అత్తగారైతే పొంగిపోయింది. "ఆ అబ్బాయికి చెవులు పనిచెయ్యకపోతేనేం అల్లుడుగారూ, కళ్ళు పనిచేస్తున్నాయి" అంది. నాకు రెండూ పనిచేస్తాయని ఆవిడకి గుర్తు చెయ్యాలనిపించింది. ఊరుకున్నాను. ఇన్ని రోజులుగా తను టమాటా గడ్డం కింద నొక్కిపెట్టి తరగబోవడం చూశాను. చూసి, నువ్వు జరుగు నేను తరుగుతా అన్నాను. అంతే కదా ఎవరైనా అనేది. పలక చెయ్యాలని ఎవరికి తోస్తుంది?

మార్చి 14

యాప్ కంపెనీ ఇన్సూరెన్సు వాళ్ళు ఉత్తరం పంపారు. ప్రమాదం వేళకి మా ఆవిడ ప్రయాణం ముగిసిపోయిందట. కాబట్టి తను వాళ్ళ ప్రయాణికురాలు కాదట. కాబట్టి వైద్యం వాళ్ళ నెత్తిన పడదట. తీరా చూస్తే, డ్రైవరు మలుపు రాకముందే ఫోనులో 'ప్రయాణం పూర్తి' అని నొక్కేశాడు. అలా నొక్కితే తర్వాతి బేరం తొందరగా తగులుతుందని అదో అలవాటట. డ్రైవరు సొంత ఇన్సూరెన్సు వాళ్ళనడిగితే, సొంతానికని పాలసీ తీసుకుని కిరాయికి తిప్పాడు, మాకు సంబంధం లేదన్నారు. వీళ్ళు వాళ్ళ మీదికీ వాళ్ళు వీళ్ళ మీదికీ తోసుకుంటుంటే మధ్యలో నలిగేది మళ్ళీ మా ఆవిడ చెయ్యే.

వకీలమ్మ ఉత్తరం చదివి పక్కన పడేసింది.

"ఫోనులో మీట నొక్కితే ప్రయాణం అయిపోదు అన్నయ్యగారూ. మనిషి కాలు నేల మీద పెడితే అయిపోతుంది. వదిన ఇంకా దిగలేదు. ఆ మాట చెప్పే సాక్షి ఒకడుంటే చాలు."

సాక్షి ఎవరో వేరే చెప్పాలా.

మార్చి 15

అతని ప్రయాణాన్ని డ్రైవరు ముగించలేదు కాబట్టి అతను కార్లో ఉన్నాడని కంపెనీయే ఒప్పుకుంటుందట. అందుకే అతని మాటకి అంత బలం. అంటే కంపెనీ లెక్క ప్రకారం ఆ సమయానికి వెనక సీట్లో అతనొక్కడే ఉన్నాడు, మా ఆవిడ లేదు.

ఆ లెక్కే నిజమైతే నాకెంత బాగుండేది.

మార్చి 18

కంపెనీ వాళ్ళు ఇంకో కాగితం పంపారు. తప్పు మాది కాదు గానీ దయతలచి కొంత ఇస్తాం, పుచ్చుకుని, ఈ ప్రమాదం గురించి ఇక ముందు ఎవరినీ ఏమీ అడగనని సంతకం పెట్టండి అని. వకీలమ్మ ఫోనులోనే వద్దంది. ఆ కాగితం మీద సంతకం పడితే రేపు ఇంకో ఆపరేషన్ కావాల్సొచ్చినా అడిగే హక్కు ఉండదంది.

నేను పెట్టెయ్యమన్నాను. ఆఫీసుల చుట్టూ తిరగలేమన్నాను, నీ ఆరోగ్యం ముఖ్యమన్నాను, వచ్చినకాడికి పుచ్చుకుని ప్రశాంతంగా ఉందామన్నాను. అన్నీ తన మంచికే అన్నాను. సంతకం పడితే కేసు లేదు, కేసు లేకపోతే సాక్షి లేడు, సాక్షి లేకపోతే నా ఫోను మోగదు. అదీ ఒక మంచే.

"ఈ చెయ్యి మళ్ళీ మాట్లాడుతుందో లేదో డాక్టరే చెప్పలేకపోతున్నాడు. అది తేలకుండా సంతకం ఎలా పెట్టను?" అంది.

"చెయ్యి మాట్లాడకపోతే నోరుంది కదా" అన్నాను.

అనకుండా ఉండాల్సింది. తను లేచి పక్కగదిలోకి వెళ్ళిపోయింది. మా అత్తగారు చేతిలో గరిటెతో నన్ను చూస్తూ నిలబడిపోయింది.

మార్చి 19

నీలం పుస్తకంలో: నొప్పి ఎక్కువ. నిద్ర లేదు. మాటలు లేవు.

ఇందులో: పైదే.

మార్చి 21

సాక్ష్యం తేదీ ఇరవై ఏడు అని ఖాయమైంది. అతనికి ఫోనులో చెప్పడం కుదరదు కనక, కబురు పెట్టే బాధ్యత వకీలమ్మ నాకే అప్పజెప్పింది. ఈలోగా మధ్యాహ్నం అతనే మెసేజ్ పెట్టాడు. ఎప్పుడు రావాలి, ఏ ఆఫీసు, చెయ్యి ఎలా ఉంది, పలక పనికొస్తోందా. నాలుగు ప్రశ్నలు. నాలుగో ప్రశ్న ఎందుకు?

నేను జవాబిచ్చాను. 'రానక్కర్లేదు. మేం రాజీ పడుతున్నాం. దయచేసి ఇక ఫోన్ చెయ్యకండి.' మర్యాదగానే ఉంది. రెండుసార్లు చదివి చూసుకున్నాను. తర్వాత అతని నంబరు బ్లాక్ చేశాను. మొత్తం చేసిన పని అంతే, కుర్చీలోంచి లేవను కూడా లేవలేదు. రాజీ పడుతున్నాం అనడం అబద్ధం కాదు, నేను పడుతున్నాను కదా.

ఎలాగూ తను మెత్తబడుతుంది. సంతకం పెడుతుంది. సాక్షి అవసరమే రాదు.

మార్చి 22

ఇవాళ మైకులో ఆరో నంబరు ప్లాట్‌ఫారం బదులు తొమ్మిది అన్నాను. జనం పెట్టెలూ పిల్లలూ మోసుకుని ఇటు నుంచి అటు పరుగు. మళ్ళీ అటు నుంచి ఇటు. టికెట్ కౌంటరతను ఇంట్లో అంతా కులాసానా అని అడిగాడు.

మార్చి 24

అతను ఫోన్ చెయ్యలేదా అని అడిగింది. లేదన్నాను. పని ఒత్తిడేమో అన్నాను. ఇరవై ఏడు సంగతి చెప్పావా అంది. కబురు పెట్టానన్నాను. పెట్టాను కదా.

పలకని బీరువా మీదకి ఎక్కించాను. వంటగదిలో అడ్డంగా ఉంటోంది. ఆ మేకులు ఎవరికైనా గుచ్చుకుంటే?

మార్చి 27

వకీలమ్మా, మేమిద్దరం, ఇన్సూరెన్సు ఆఫీసరు, సైగలు చదివి చెప్పడానికి పిలిపించిన దుభాషి పెద్దాయన, అందరం వచ్చి కూర్చున్నాం. ఒక కుర్చీ ఖాళీ. మా ఆవిడ తలుపు వైపే చూస్తూ కూర్చుంది. నా కోసం అలా తలుపు వైపు చూసి ఎన్నాళ్ళయింది అని ముందు అనిపించింది. ఆ తర్వాత ఏ ఆలోచనా రాలేదు, భయం వేసింది.

సాక్షి లేకపోతే ఫైలు మూసేస్తానన్నాడు ఆఫీసరు. వకీలమ్మ బతిమాలి ఏప్రిల్ మూడుకి వాయిదా అడిగింది. అదే ఆఖరన్నాడు. బయటికొచ్చాక ఆవిడ నన్నే అడిగింది, కబురు పెట్టారు కదా అని. పెట్టానన్నాను. మా ఆవిడ దారంతా కిటికీలోంచి చూస్తూ వచ్చింది.

అంత సాయం చేసిన మనిషి ఇలా మొహం చాటేశాడేమిటని మా అత్తగారు ఆశ్చర్యపోయింది. మనుషుల్ని నమ్మలేం అన్నాను. ఆ మాట నా నోట్లోంచే వచ్చింది.

మార్చి 29

డాక్టరు కట్టు విప్పి చూశాడు. చివరి రెండు వేళ్ళూ వంగడం లేదు. ఇంకో ఆపరేషన్ చేస్తే వంగొచ్చు, చెయ్యకపోతే ఇక ఇంతే. దానికయ్యే ఖర్చు మా తాహతుకి మించింది. కంపెనీ దయతలచి ఇస్తానన్నది అందులో ఒక మూలకి కూడా రాదు. నేను పెట్టమన్న సంతకం తను పెట్టి ఉంటే ఇవాళ అడగడానికి నోరు కూడా ఉండేది కాదు.

ఆసుపత్రి నుంచి బడికి వెళ్దామంది. పిల్లలందరూ చుట్టూ మూగారు. తను ఎడమచేత్తో ఏదో చెప్పింది. వాళ్ళకి అర్థం కాలేదు. మళ్ళీ చెప్పింది. కుడిచేత్తో కలిపి చెప్పాల్సిన మాటలట అవి, ఒక్క చేత్తో చెప్తే నత్తిలాగా ఉంటుందట. పిల్లలు మర్యాదకి తలలూపారు. అర్థమైనట్టు నటించారు. తను గేటు దాటేదాకా ఆపుకుని, ఆటోలో ఏడ్చింది. నా భుజం మీద వాలలేదు.

నోరుంది కదా అన్నాను నేను. చెంప పగలగొట్టుకోవాలనిపించింది.

మార్చి 30

వడ్రంగి దుకాణం వెతుక్కుంటూ వెళ్ళాను. గుమ్మంలో నిలబడి ఏవండీ అన్నాను. పలకలేదు. ఏవండోయ్ అన్నాను, బస్‌స్టేషన్ గొంతుతో. ఎదురు కొట్టువాళ్ళు బయటికొచ్చారు, ఇతను మాత్రం వంచిన తల ఎత్తలేదు. చివరికి ఆ ఎదురు కొట్టావిడే గుమ్మం పక్కనున్న స్విచ్ నొక్కింది. లోపల బల్ల మీద ఎర్రబల్బు వెలిగింది. అతను తలెత్తి చూశాడు.

నన్ను చూసి నవ్వలేదు. బ్లాక్ చేసినవాణ్ణి చూసి ఎవరు నవ్వుతారు. నేను మాట్లాడబోయాను, పెదాలు ఆడించాను, చేతులు తిప్పాను. నాకొచ్చిన మూడు సైగల్లో పనికొచ్చేది 'రా' ఒక్కటే. అది చూపించాను. అతను పక్కనున్న చెక్కముక్క ఒకటి నా ముందుకు తోసి, చెవి మీద పెట్టుకున్న పెన్సిలు తీసి ఇచ్చాడు.

రాశాను. 'ఆ మెసేజ్ ఆవిడకి తెలీదు. నేనే పెట్టాను. నాకు మీరంటే ఒళ్ళుమంట. రాజీ లేదు. మీరు రాకపోతే ఆవిడ చెయ్యి పోతుంది.'

అతను చదివాడు. నెమ్మదిగా చదివాడు. తర్వాత ఆ ముక్కని బల్లకి బిగించి, చిత్రిక తీసి, నా రాత మీద ఆ చివర నుంచి ఈ చివర దాకా ఒక్క లాగు లాగాడు. నా అక్షరాలు చుట్ట చుట్టుకుని కింద పొట్టులో పడ్డాయి. నున్నగా అయిన చెక్క మీద పెన్సిలుతో ఒక్క మాట రాసి నా వైపు తిప్పాడు. 'ఎప్పుడు?'

ఇంత మంచివాడు కాకపోయినా బాగుండేది. అలాంటివాడి మీద కుళ్ళుకోవడం ఎంత కష్టమో!

ఏప్రిల్ 3

వచ్చాడు. ఇస్త్రీ చొక్కా. మా ఆవిడ మొహం వెలిగింది. సరే, వెలగనీ.

అతను చేతులతో చెప్తుంటే దుభాషి పెద్దాయన పైకి చెప్పాడు. ఆయన గొంతులో ఎత్తూ పల్లం ఏమీ లేదు, రేషను సరుకులు చదివినట్టు చదివాడు. వినపడదు కాబట్టి ఏ కారెక్కినా తన వీధి దాటిపోకుండా డ్రైవరు ఫోను తెరనే చూస్తూ కూర్చుంటాడట వడ్రంగి. ఆ రోజు కారింకా కదులుతుండగానే డ్రైవరు ఆవిడ ప్రయాణం పూర్తయినట్టు నొక్కడం చూశాడు. కారాగాక ఆవిడ పిడి మీద చెయ్యి వేసింది కానీ దిగలేదు. వ్యాను గుద్దినప్పుడు సీట్లోనే ఉంది.

ఆఫీసరు ఊరుకోలేదు. కారాగాక దిగకుండా ఎందుకు కూర్చుందని అడిగాడు. నాతో చెప్తున్న మాట పూర్తికాలేదు, ఎడమచేత్తో చెప్తూ ఉందన్నాడు వడ్రంగి. అంత ముఖ్యమైన మాటేమిటన్నాడు ఆఫీసరు. వకీలమ్మ అడ్డుపడబోయింది. మా ఆవిడ తల దించుకుంది. ఇదే, ఇన్నాళ్ళూ నేను ఫోను వెనక నిలబడి తెలుసుకోవాలనుకున్నది ఇదే. ఇప్పుడు వద్దనిపించింది.

వడ్రంగి నా వైపు ఒకసారి చూసి చేతులు కదిపాడు. పెద్దాయన చదివాడు.

"ఆవిడ భర్త బస్‌స్టేషన్‌లో మైకులో చెప్తాడట. ఊరందరికీ ఆయన గొంతు తెలుసట. గొంతు అంటే ఎలా ఉంటుందని నేనడిగాను. ఆవిడ చెప్పింది. ఆయన మాట్లాడుతున్నప్పుడు వీపు మీద అరచెయ్యి పెడితే తెలుస్తుంది, చేతికింద బస్సు స్టార్టయినట్టు ఉంటుంది, నిద్ర పట్టకపోతే అలా చెయ్యి వేసుకుని ఏదో ఒకటి మాట్లాడమంటాను, పడుకుంటాను అని. అంతలో వ్యాను గుద్దింది."

ఆఫీసరు కలం మూత పెట్టి తీశాడు.

పదకొండేళ్ళుగా నా వీపు మీద ఆ చెయ్యి ఉంటోంది. నిద్రమత్తులో వేసిందనుకునేవాణ్ణి. ఏదైనా మాట్లాడు అంటే విసుక్కుంటూ మాట్లాడేవాణ్ణి. నా గొంతు ఎలా ఉంటుందో చెప్పడం కోసం తను కార్లో ఆగింది. ఇన్నాళ్ళూ నేను కుళ్ళింది నా మీదే.

అయినా ఆ మాట నాకు చెప్పకుండా ముందు అతనికి చెప్పిందే అని లోపల ఒక మూల ఇంకా చురుక్కుమంటూనే ఉంది. దాన్నేం చెయ్యను?

ఏప్రిల్ 4

పలక బీరువా మీద నుంచి దించి తన ముందు పెట్టి, అన్నీ చెప్పాను. మెసేజ్, బ్లాక్, ఇరవై ఏడో తారీఖు ఖాళీ కుర్చీ. తను చివరిదాకా వింది. ఏడవలేదు, అరవలేదు. ఎడమచేత్తో రెండు సైగలు చేసింది. చెవి పక్కన వేళ్ళు రెండుసార్లు ఆడించింది. తర్వాత గుండెల మీద పిడికిలి పెట్టి, తిప్పి, నా వైపు విప్పింది.

అర్థం కాలేదన్నాను. ఏమన్నావో నోటితో చెప్పమన్నాను.

"నేర్చుకో. నేర్చుకుంటే తెలుస్తుంది" అంది.

ఏప్రిల్ 19

కంపెనీ ఒప్పుకుంది. కాలు నేల మీద పెట్టనిదే ప్రయాణం ముగిసినట్టు కాదని రాసిచ్చారు. ఆపరేషను, ఆ తర్వాతి వైద్యం, బడి మానేసిన రోజుల జీతం, అన్నీ వాళ్ళవే. వకీలమ్మ నీలం పుస్తకం తీసుకుని చదివి, చాలా శ్రద్ధగా రాశారన్నయ్యా అని మెచ్చుకుంది. మా ఆవిడ కిటికీలోంచి బయటికి చూసింది.

ఏప్రిల్ 28

ఆపరేషన్ అయింది. వడ్రంగి వచ్చాడు. ఫోను పట్టుకోవాల్సిన పని లేదు కనక నేను ఊరికే కూర్చున్నాను. ఇద్దరూ చాలాసేపు మాట్లాడుకున్నారు. నాకు అందులో ఒక్క మాట అందింది. 'నీళ్ళు.' లేచి తెచ్చిచ్చాను.

మే 11

శనివారాల్లో తల్లిదండ్రుల కోసం బళ్ళో సైగల క్లాసు పెడతారు. వెళ్తున్నాను. నా వేళ్ళు అస్సలు మాట వినవు. పక్క బెంచీలో చిన్నపిల్లలు నా సైగలు చూసి పొట్టలు పట్టుకుని నవ్వుతారు. అందులో ఒక పిల్ల నేను నత్తి మనిషినని వాళ్ళమ్మకి చెప్పిందట.

ఇవాళ మధ్యాహ్నం తను పడుకుని, ఏదైనా మాట్లాడు అంది. ఆ ప్రమాదం తర్వాత అడగడం ఇదే మొదటిసారి. నాకేం తోచక బస్సుల వేళలు చదివాను, ఏ ఊరిది ఏ ప్లాట్‌ఫారం మీదకి వస్తుందో అన్నీ. వీపు మీద కుడిచెయ్యి వేసింది. మూడు వేళ్ళు పూర్తిగా ఆనాయి, రెండు సగమే. ఆఖరి బస్సు దాకా చదివి, మళ్ళీ మొదటి బస్సు నుంచి మొదలుపెట్టాను.

ఏప్రిల్ నాలుగున తనన్న రెండు మాటల్లో మొదటిది ఇవాళ క్లాసులో తెలిసింది. గాడిద.

రెండోది ఇంకా తెలీదు. గుండెల మీద పిడికిలి, తిప్పి, నా వైపు విప్పడం. టీచరునడిగితే సరిగ్గా చేసి చూపించమంటుంది, నాకు సరిగ్గా రాదు. వడ్రంగికి చూపిస్తే ఒక్క క్షణంలో చెప్తాడు.

అడగను.